తాత పేరు శిస్తు లెక్కలో ఉంది

రైతు కుటుంబాల్లో వంశం సంగతి వచ్చినప్పుడల్లా ఒకే మాట వినిపిస్తుంది. రాజులకు శాసనాలున్నాయి, జమీందార్లకు దస్తావేజులున్నాయి, బ్రాహ్మలకు ప్రవరలున్నాయి, నాగలి పట్టినవాడికి ఏముంటాయి అంటారు. ముత్తాత పేరు తెలిస్తే గొప్ప, ఆ పైన అంతా చీకటే అంటారు. చదువుకున్నవాళ్లు దీనికి ఇంకో ముక్క కలుపుతారు. తెల్లవాళ్లకు చర్చి పుస్తకాలూ జనాభా లెక్కలూ ఉన్నాయి గనక ఎన్ని తరాలైనా చెప్పగలరట, మనకు రాసిపెట్టుకునే అలవాటే లేదట. ఈ మాట సభల్లో విన్నాను, కులసంఘాల ప్రత్యేక సంచికల్లో చదివాను, పెళ్లి పందిళ్లలో పెద్దవాళ్లు నిట్టూరుస్తూ చెబితే విన్నాను. ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పకపోవడం వల్లే అది నిజంలా నిలబడిపోయింది.

అది నిజం కాదు. పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు నేల మీద కవులకంటే, వర్తకులకంటే, పూజారులకంటే ఎక్కువగా కాగితానికెక్కినవాడు రైతు. కారణం ఒక్కటే. శిస్తు కట్టేది అతను. దొరతనం బతికింది అతని శిస్తు మీద. ఎవరి దగ్గర ఎంత రావాలో తెలియకుండా ఏ సర్కారూ వసూలు చేయలేదు. అందుకని అతని పేరు, అతని తండ్రి పేరు, అతని చేను, ఆ చేనికి నీళ్లున్నాయా లేదా, బాకీ ఎంత, మాఫీ ఎంత అన్నీ రాశారు. అతని మీద ప్రేమతో రాయలేదు. అయినా రాశారు. మనకు కావలసింది ఆ రాత.

థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల్లో ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఇప్పటి కడప, అనంతపురం, కర్నూలు, బళ్లారి ప్రాంతాల్లో చాలా భాగం అప్పుడు అతని కింద ఉండేది. ఊరు ఊరునా చేను చేనునూ కొలిపించి, ఒక్కో చేనికి ఒక్కో శిస్తు కట్టించాడు. మధ్యలో జమీందారు లేకుండా సర్కారుకూ రైతుకూ సూటిగా లెక్క కుదిర్చిన ఆ పద్ధతే రైత్వారీ. తర్వాత మద్రాసు రాజధానిలో చాలా జిల్లాలకు అదే పాకింది. 1858లో సర్వే శాఖ ఏర్పడ్డాక గొలుసు పెట్టి కొలవడం, రాళ్లు పాతడం, నంబర్లు వేయడం మొదలైంది. ఇవాళ మీ పాసు పుస్తకంలో ఉన్న సర్వే నంబరుకు మూలం ఆ పనిలోనే ఉంది.

రైత్వారీలో రైతుకూ సర్కారుకూ ఏడాదికోసారి ముఖాముఖి లెక్క తేలేది. దాని పేరు జమాబందీ. బీడు కావాలంటే దరఖాస్తు పెట్టుకునేవాడు. శిస్తు మోయలేక చేను వదులుకుంటే రాజీనామా ఇచ్చేవాడు. కొత్త చేను తీసుకున్నవాడి పేరూ పాత చేను వదిలినవాడి పేరూ కరణం లెక్కలోకి వచ్చేవి. అడంగల్లో పంట, పదో నంబరు ఖాతాలో పట్టాదారు. ఇప్పటికీ రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు ‘టెన్ వన్’ అన్న మాట కొత్త కాదు. ముత్తాత కాలపు లెక్క ఆ పేరుతోనే మన నోట్లో నలుగుతోంది. అయినా ఆయనకు లెక్కే లేదంటున్నాం.

ఏటా రాసిన కాగితాలన్నీ మిగిలాయని చెప్పను. గడువు తీరిన లెక్కలను తీసి పారేయడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మిగిలినవి వేరే. సెటిల్‌మెంటు నాడు ఊరి భూమినంతా ఒక్కచోట కూర్చి, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిన డైగ్లాట్ రిజిస్టర్లు మిగిలాయి. ఆ తర్వాతి తరంలో మళ్లీ శిస్తు సవరించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంటు రిజిస్టర్లు మిగిలాయి. వాటిని ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. భూమి తగాదా వచ్చిన రోజున వకీలు మొదట అడిగేది అదే. కోర్టులో పనికొచ్చే కాగితం తాతను వెతకడానికి మాత్రం పనికిరాదని ఎవరు చెప్పారో తెలియదు.

ఇక తెల్లవాళ్ల జనాభా లెక్కల సంగతి. ఇంగ్లండులో 1841 జనగణనలో పేర్లున్న మాట నిజం. అయితే ఆ ఏడాది ఫారంలో తండ్రి పేరుకు గడి లేదు. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును చాలాచోట్ల అయిదేళ్ల లెక్కకు దించి రాశారు. పుట్టిన ఊరు రాయలేదు, అదే జిల్లానా కాదా అని మాత్రం రాశారు. దాని పక్కన మన వాడి కాగితం ఒకటి పెట్టి చూడండి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన మొదటి జట్టు అందులో ఉంది. అప్పటి నుంచి 1911 దాకా వెళ్లిన 1,52,184 మందికీ ఓడల పట్టీలున్నాయి. మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంటే అదీ రాశారు. వాళ్లలో విశాఖ, గోదావరి జిల్లాల నుంచి, ఇంకా ఎన్నో తెలుగు తాలూకాల నుంచి వెళ్లిన వ్యవసాయ కుటుంబాల వాళ్లు ఉన్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలుపుకున్న దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల ముత్తాతలు వాళ్లే. మారిషస్‌కు వెళ్లినవాళ్ల రికార్డులు మోకాలో మహాత్మా గాంధీ సంస్థ దగ్గర ఉన్నాయి. అందులో చాలామందికి ఫొటోలు కూడా ఉన్నాయి. డర్బన్‌లో పుట్టిన నాలుగో తరం మనిషి తన ముత్తాత ఊరి పేరు చేతిలో పట్టుకుని శ్రీకాకుళం దాకా రాగలడు. ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముడి మునిమనవడు మాత్రం తనకు ఆధారాలు లేవంటాడు.

మన దేశపు జనాభా లెక్కల వల్ల మనకు ఉపయోగం లేని మాట నిజమే. 1871లోనూ 1881లోనూ ఇంటింటికీ వెళ్లి రాసిన పట్టీలను మొత్తాలు తేల్చాక దాచలేదు. మిగిలింది అచ్చయిన అంకెలు. చాలామంది వెతుకులాట అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. జనాభా లెక్కల్లో పేరు దొరకలేదు గనక ఎక్కడా లేదనుకుంటారు. తలుపు తట్టింది వేరే ఇంటిది.

సరైన తలుపు ఏదో చెప్పాలంటే ఒక పుస్తకాన్ని దగ్గరగా చూపించాలి. 1858లో మద్రాసు సర్కారు ఇనాం కమిషన్ వేసింది. పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో అనుభవిస్తున్న భూములన్నిటికీ హక్కు తేల్చడం దాని పని. టేలర్ మొదటి కమిషనరు. పదేళ్లకు పైగా ఊరూరా విచారించి రాసిన పుస్తకాన్ని ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటారు. ఒక్కో వరుస రెండు పేజీల మీదుగా సాగుతుంది. ఎడమ చివర ఇనాం ఏ తరహాది, ఏ పని మీద ఇచ్చింది. తర్వాత చేను మాగాణా, మెట్టా, తోటా, ఎంత విస్తీర్ణం. తర్వాత ఎవరు, ఎప్పుడు ఇచ్చారు. మొదట పుచ్చుకున్నవాడి పేరు. పాత ఫసలీ లెక్కలో ఉన్న పేరు. ఇప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, కాపురం ఉన్న ఊరు. ఆ మొదటివాడికి ఇతను ఏమవుతాడు. కుడి చివర డిప్యూటీ కలెక్టరు అభిప్రాయం, కమిషనరు నిర్ణయం, టైటిల్ డీడ్ నంబరు. 1861లో నలభై అయిదేళ్లని రాసి ఉన్న మనిషి 1816 ప్రాంతంలో పుట్టి ఉండాలి. మొదట పుచ్చుకున్నవాడు అతని తాత అని రాసి ఉంటే మనం పద్దెనిమిదో శతాబ్దంలోకి దిగిపోయాం. అడ్డంగా రాసిన ఒక్క వరుసలో మూడు తరాలు.

ఇనాములు పండితులకూ గుళ్లకేగా, రైతుకేం సంబంధం అని వెంటనే అంటారు. ఈ మాట అనేవాళ్లలో ఆ పుస్తకం తెరిచినవాళ్లు తక్కువ. కడప, నెల్లూరు వైపు ఊళ్లలో దశబంధం ఇనాములు చూడండి. చెరువో బావో తవ్వించిన రైతుకు, దాన్ని బాగుచేయించిన రైతుకు ఆ నీళ్ల కింద ఇచ్చిన భూమి అది. అందులో పేర్లన్నీ సేద్యగాళ్లవే. ఊరి కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఇనాములు చూడండి. తలారి, వెట్టి ఇనాములు చూడండి. మాలపల్లెలో, మాదిగపల్లెలో ఉన్న మనిషి పేరు, వయసు, తండ్రి పేరు 1860ల్లో సర్కారు పుస్తకంలో ఉన్నాయి. తాతల పేర్లు పెద్ద కులాలకే ఉంటాయనే మాటకు ఆ పేజీకి మించిన జవాబు లేదు.

రెండో తలుపు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు. మొదటి రిజిస్ట్రేషన్ చట్టం 1864లో వచ్చింది. అక్కడి నుంచి అమ్మకాలు, తనఖాలు, దానాలు, పంపకాల కాగితాలు రిజిస్టరు చేస్తే పూర్తి నకలు ఆఫీసు ఒకటో పుస్తకంలో రాసి ఉంచేవారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈసీ తీస్తే 1983 నుంచి వస్తుంది. చాలామంది కుటుంబ చరిత్ర కూడా 1983లోనే మొదలవుతుందనుకుంటున్నారు. దాని వెనక నూటపద్దెనిమిదేళ్ల చేతిరాత పుస్తకాలున్నాయి.

పాత క్రయ దస్తావేజు ఒకటి తీసుకుని చదవండి. రాసిచ్చేవాడి ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, కులం, జీవనం వ్యవసాయం, కాపురం ఫలానా ఊరు. రాయించుకునేవాడిదీ అంతే. ఎందుకు అమ్ముతున్నాడో కూడా రాస్తారు. కూతురి పెళ్లికి చేసిన అప్పు, శిస్తు బాకీ, తండ్రి నాటి తనఖా తీర్చడం. చివర సాక్షుల పేర్లు, చదువు రానివాడి నిశాని, రాసినవాడి చేవ్రాలు. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది చెక్కుబందీ. తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన ఫలానావారి గట్టు, పడమర డొంక, ఉత్తరాన పంట కాలువ. అంటే మీ ముత్తాత జీవితంలో ఒక్క చేనూ అమ్మకపోయినా, కొనకపోయినా, ఆఫీసు గడప తొక్కకపోయినా, పక్క చేను అమ్మినవాడి దస్తావేజులో హద్దుగా ఆయన ఉంటాడు. నాలుగు దిక్కుల రైతులు వందేళ్లలో ఎన్నిసార్లు అమ్ముకున్నారో అన్నిసార్లు ఆయన పేరు వచ్చింది. ఒకసారి తండ్రి పేరు హద్దుగా ఉంటుంది, కొన్నేళ్ల తర్వాతి కాగితంలో అదే దిక్కున కొడుకు పేరు ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య చేను చేతులు మారింది. ఎక్కువసార్లు ఆ మార్పుకు కారణం చావు. ఆ రోజుల్లో ఊళ్లో చావు తేదీ రాసిపెట్టినవాడు లేకపోయినా పక్క రైతు కాగితం రాసింది.

అసలు తాతను వెతకడానికి పేరు కంటే చేను నమ్మకమైన ఆధారం. ఈ సంగతి పట్టుకోని వాళ్లే ఒకే ఊళ్లో పది మంది వెంకయ్యలు, ఏ వెంకయ్య మనవాడని చేతులెత్తేస్తారు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో పేర్లు తిరిగి తిరిగి వస్తాయి, అవును. చేను మాత్రం కదలదు. ఇప్పటి 1-బి హక్కుల పట్టీలో ఉన్న నంబరు నుంచి ఆర్‌ఎస్‌ఆర్‌కు, అక్కడ పాత నంబరు చూసుకుని డైగ్లాట్‌కు వెళ్లాలి. 112 అని ఉన్న చేను ఒక తరం తర్వాత 112-1, 112-2 అవుతుంది. ఇంకో తరానికి 112-2ఎ, 112-2బి. అన్నదమ్ములు ఎప్పుడు విడిపోయారో, ఎందరో, ఎవరి వాటా ఎవరికి అమ్మేశారో ఆ అంకెల్లో ఉంది. గట్టు చీలిన చోటల్లా వంశం కొమ్మ వేసింది.

ఇంత వెతికినా దొరకలేదని కొందరు అంటారు. ఎక్కడ వెతికారని అడిగితే ఇప్పటి జిల్లా పేరు చెబుతారు. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను తిరగేసి గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలు చేశారు. గుంటూరు మళ్లీ జిల్లా అయింది 1904లో. అంటే మధ్యలో నలభై అయిదేళ్ల గుంటూరు రైతు కృష్ణా జిల్లా కాగితాల్లో ఉన్నాడు. ఒంగోలు రైతు 1904 దాకా నెల్లూరు జిల్లావాడు. అనంతపురం 1882 దాకా బళ్లారిలో ఉంది. చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది, అంతకుముందు అందులో చాలా భాగం ఉత్తర ఆర్కాటు. ఆ కాగితాల్లో కొన్ని చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పశ్చిమ గోదావరి 1925 నాటిది. ప్రకాశం జిల్లా పుట్టిన 1970కి ముందరి ప్రకాశం జిల్లా రికార్డు కావాలని అడిగితే లేదనే చెబుతారు. ఆ లేదు అన్న మాటను పట్టుకుని ఇంటికొచ్చి, మనకు రికార్డుల్లేవని మనవళ్లకు చెప్పినవాళ్లు ఎందరో.

ఏడాది పట్టడంలోనూ ఇలాగే జరుగుతుంది. శిస్తు లెక్కల ఏడాదిని ఫసలీ అంటారు. ఫసలీ 1270 అని ఉంటే 590 కలపాలి. 1860 జులై నుంచి 1861 జూన్ దాకా. ఇంట్లో ముసలమ్మ నందన కరువు అంటే అరవై ఏళ్ల తేడాతో రెండు నందనలున్నాయని గుర్తుండాలి, 1832-33 ఒకటి, 1892-93 ఒకటి. గుంటూరు ప్రాంతంలో అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మందిని తీసుకుపోయిన కరువు మొదటి నందనది. మీ ఇంట్లో నందనలో ఇద్దరన్నదమ్ములు తప్ప అందరూ పోయారనే కథ ఉంటే అది 1832 సంగతి కావచ్చు. అది కథ మాత్రమేనని తోసేయకండి. ధాత కరువంటే 1876-77. ఆ కరువు ఏళ్లలో శిస్తు మాఫీలు, వదిలేసిన చేలు లెక్కల్లోకి ఎక్కాయి. ఇంటి మాటను సర్కారు కాగితం పక్కన పెట్టి చూస్తే ఒకటి రెండోదాన్ని సరిచేస్తుంది.

ఇంతవరకూ తేలిక ఆక్షేపణలు. గట్టివి రెండున్నాయి. వాటిని దాటవేయడం మర్యాద కాదు.

మొదటిది: ఆ లెక్కలు అబద్ధాల పుట్ట. ఇది ఉబుసుపోక అన్న మాట కాదు. గుంటూరు జిల్లా గురించి రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ఒక పుస్తకం అచ్చువేశాడు. 1788 నుంచి 1848 దాకా కలెక్టరు కింద పనిచేసిన హుజూరు ఉద్యోగులూ ఊరి పెద్దలూ కలిసి సర్కారు సొమ్మును ఎలా మళ్లించారో, లెక్కలను ఎలా మార్చారో అందులో ఉంది. వాల్టర్ ఇలియట్‌ను 1840ల్లో అక్కడికి విచారణకు పంపింది కూడా ఆ గందరగోళం వల్లనే. కరణం మాగాణిని మెట్టగా రాశాడు, ఎకరాలను తగ్గించాడు, తన చేనుకు ఇంకొకరి పేరు పెట్టాడు. ఒప్పుకుంటాను. అయితే దొంగ లెక్కకు కూడా నిజమైన మనుషులు కావాలి. బినామీగా రాసిన పేరు కూడా ఆ ఊళ్లో ఉన్న మనిషిదే అయి ఉండాలి, లేకపోతే జమాబందీ రోజున పట్టుబడతాడు. కరణం దాచింది చేను సైజును, శిస్తును. ఊరి మనుషులను కాదు. ఒక్క కాగితం చూసి తాతను తేల్చేవాడు మోసపోతాడు. ఇనాం పుస్తకం, దస్తావేజు నకలు, కోర్టు దావా, ఇంటి మాట నాలుగూ కలిసినచోట మోసానికి చోటు తక్కువ.

రెండోది ఇంకా బరువైనది. పట్టా ఉన్నవాడి సంగతి చెప్పారు, పాలేరు మాటేమిటి, కౌలుదారు మాటేమిటి, ఇంటి ఆడవాళ్ల మాటేమిటి? రైత్వారీ లెక్క పట్టాదారును చూసింది, అతని చేలో వంగి నాట్లు వేసినవాళ్లను చూడలేదు. ఈ అన్యాయం ఆ కాగితాల్లోనే ఉంది, దాన్ని కడిగేయడం నా పని కాదు. అయినా వాళ్లు కాగితం మీద అసలే లేరనడం మళ్లీ అబద్ధమే. వెట్టి ఇనాముల్లో వాళ్లున్నారని చెప్పాను. నేటాల్ ఓడల్లో వాళ్లున్నారు. మిషన్ పుస్తకాల్లో ఉన్నారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ రేవులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ పనికి వచ్చి అక్కడ మిషనరీ క్లవ్ దొర మాట విన్నవాళ్లు. గుంటూరులో లూథరన్లు, ఫిరంగిపురం వైపు కతోలికులు, కడపలో లండన్ మిషన్ వాళ్లు పుట్టుకలనూ పెళ్లిళ్లనూ చావులనూ పుస్తకాలకెక్కించారు. ఫిరంగిపురం కతోలికుల్లో రెడ్డి, కమ్మ రైతు కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఆడవాళ్ల పేర్లు పట్టాల్లో తక్కువ. దస్తావేజుల్లో అంత తక్కువ కాదు. కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం, వితంతువు మనోవర్తి కోసం వేసిన దావా, కొడుకులు లేక దత్తత తీసుకున్న ముసలమ్మ సంతకం, మైనరు కొడుకుకు సంరక్షకురాలిగా తల్లి పెట్టిన నిశాని. మన అమ్మమ్మల అమ్మమ్మల పేర్లు ఇంట్లో ఎవరికీ గుర్తులేవు. కోర్టు కాగితాల్లో ఉన్నాయి, ఎందుకంటే హక్కు కోసం వాళ్లు అక్కడిదాకా వెళ్లారు.

జమీందారీ గ్రామాల్లోనూ, నిజాం ఇలాకాలోనూ పని కష్టమని ఒప్పుకోవాలి. విజయనగరం, పిఠాపురం, వెంకటగిరి, నూజివీడు కింది రైతు పేరు జమీందారు ఠాణాలో ఉండేది, సర్కారు దగ్గర ఉండేది కాదు. అయితే 1865 చట్టం ప్రకారం జమీందారూ రైతూ పట్టాలు, ముచ్చిలికలు మార్చుకోవాలి. తగాదా వస్తే రెవెన్యూ కోర్టుకెక్కాలి. 1908 ఎస్టేట్ల భూముల చట్టం, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక పాత హక్కులను రుజువు చేయడానికి తాతల నాటి రసీదులు బయటికి తీశారు. తెలంగాణలో మొదటి సాలార్‌జంగ్ 1860ల్లో జిల్లాలు ఏర్పరచాడు, ఆ తర్వాత సర్వే సాగింది. సేత్వార్లు, వసూల్ బాకీ లెక్కలు మిగిలాయి. 1954-55 ఖాస్రా పహాణీని అందరూ మొదటి పేజీగా చూస్తారు. నిజానికి అది పాత లెక్కలకు కొనసాగింపు. జాగీరు ఊళ్లలో మాత్రం చీకటి ఎక్కువ.

ఇన్ని ఉంటే మనం ఎందుకు లేవంటున్నాం? నాకు రెండు కారణాలు కనిపిస్తాయి, రెండూ బాధ పెట్టేవే.

ఒకటి, ఆ రాత చదివేవాళ్లు పోతున్నారు. కరణాల గొలుసుకట్టు రాతలో అక్షరానికీ అక్షరానికీ సందు ఉండదు. కలం ఎత్తకుండా వాక్యమంతా ఒకే గీతలా సాగిపోతుంది. వీసాలూ పాతిక వంతులూ గుర్తుల్లో ఉంటాయి. కొలత ఒకచోట కుచ్చెళ్లు, ఇంకోచోట గొర్లు, పుట్లు. నిజాం వైపు కాగితమైతే ఉర్దూ, అంతకు ముందుదైతే ఫారసీ. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు కరణాలతో పాటు ఆ రాత చదవగల చివరి తరం కూడా పక్కకు తప్పుకుంది. వాళ్ల అధికారం పోవడం గురించి నాకు విచారం లేదు, ఆ అధికారం ఊళ్లను ఎంత ఏడిపించిందో ఎరుగుదును. ఆ చదువు పోవడం గురించి విచారం ఉంది. ఎంతోమంది కరణాల ఇళ్ల అటకల మీద తాటాకు కవిలెలూ కాగితపు కట్టలూ చెదపురుగుల పాలయ్యాయి. ఒక ఊరి రైతులందరి తాతలూ ఆ కట్టల్లో ఉన్నారు.

రెండోది, ఎవరూ పైకి చెప్పనిది. పాత కాగితాలు అడిగితే వాటా కోసం వచ్చాడని భయం. పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్లి పెట్టె తెరవమని అడగండి. కాఫీ ఇస్తారు, పెట్టె తాళం మాత్రం కనబడదు. 1890ల నాటి పంపకం కాగితం బయటపడితే ఆడబిడ్డల హక్కు తేలుతుందేమో, ఎవరో వదిలేసిన వాటా బయటికొస్తుందేమో అని. అందుకని ఏమీ లేవనడం అందరికీ క్షేమం. మన నిరాధారత సగం ఆ క్షేమం కోసమే.

ఈ ఖాళీలోకి వచ్చి కూర్చున్నవి కట్టు వంశావళులు. రికార్డుల్లేవన్నవాళ్లే, ఆ వాక్యం పూర్తికాకముందే, మనం కాకతీయుల సేనానుల సంతతి అంటారు. విజయనగర నాయంకరులమని, రెడ్డిరాజుల బంధువులమని ఇంటిపేరు ఒక్కటే ఆధారంగా చూపిస్తారు. అదే ఇంటిపేరు మూడు కులాల్లో, నాలుగు జిల్లాల్లో ఉందన్న సంగతి ఆ సంచికల్లో ఎక్కడా రాయరు. పన్నెండో శతాబ్దపు యోధుడికి పటం కట్టి, 1861లో నాలుగెకరాల మెట్ట మీద శిస్తు బాకీపడి, ధాత కరువులో ఎడ్లు అమ్ముకుని, ఆనకట్ట నీళ్లు వచ్చాయని విని గోదావరి డెల్టాకు బండి కట్టిన మనిషిని పక్కకు నెట్టేస్తున్నారు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, కృష్ణ ఆనకట్ట 1855లో. ఆ నీళ్ల కింద పొలం చేసి ఇవాళ్టి కోస్తా కుటుంబాలను నిలబెట్టింది ఆ బాకీదారు. అతని పేరు దొరుకుతుంది. సేనాని పేరు దొరకదు, ఎందుకంటే మనకూ అతనికీ మధ్య ఆరు వందల ఏళ్ల పాటు ఒక్క కాగితమూ లేదు. రైతు పేరును గౌరవం తక్కువని వదిలేసి, లేని రాజును పూజించడం సొంత తాతను ఇంట్లోంచి గెంటడమే.

పిచ్చుకుంట్లవాళ్లను, వంశరాజులని ఇప్పుడు పిలుస్తున్న ఆ కుటుంబాలను ఈ సందర్భంలో గుర్తుచేయాలి. రైతు కులాల గోత్రాలూ ఇంటిపేర్లూ తరాల వరుసలూ నోటికి చెప్పి కూలి తీసుకున్నవాళ్లు వాళ్లు. పెళ్లిలో పురోహితుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు చదవడం కూడా అలాంటిదే. 1930ల్లో జరిగిన పెళ్లిలో చదివిన ముత్తాత 1850 ప్రాంతపు మనిషి. ఆ పెళ్లిలో చిన్నపిల్లగా కూర్చున్న మేనత్త ఇంకా బతికి ఉంటే ఆమెను ముందు అడగాలి, రికార్డు రూముకు తర్వాత వెళ్లాలి. కాగితం ఆగుతుంది, ఆమె ఆగకపోవచ్చు.

సర్కారును అడగవలసింది కూడా ఉంది. ఇనాం రిజిస్టర్లను, సెటిల్‌మెంటు రిజిస్టర్లను భూమి తగాదాల కోసం కొంతవరకు స్కాన్ చేశారు, మంచిదే. 1865 నుంచి 1900 దాకా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల ఒకటో పుస్తకాలను అలాగే ఎందుకు చేయరు? కలెక్టరేట్ల రికార్డు రూముల్లో ఏ ఊరి ఏ పుస్తకం ఉందో జాబితా వేసి గోడకు ఎందుకు అంటించరు? గొలుసుకట్టు చదవడం విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో ఒక పాఠంగా ఎందుకు లేదు? పాలీ, ప్రాకృత శాసనాలు చదివేవాళ్లను తయారుచేస్తున్నాం, నూటయాభై ఏళ్ల కిందటి తెలుగు చదివేవాళ్లను తయారుచేయడం లేదు. కులసంఘాలు విగ్రహాలకు పెట్టే ఖర్చులో ఒక వంతు పెడితే ఒక తాలూకా పుస్తకాలన్నీ ఫొటో తీసి, పేర్ల పట్టిక వేసి, అన్ని కులాల వాళ్లకూ అందుబాటులో పెట్టవచ్చు. ఆ పట్టిక తయారైన తాలూకాలో రైతుకు వంశచరిత్ర లేదని ఎవరైనా అంటే, ఊరి పేరూ సర్వే నంబరూ అడిగి, పేజీ తీసి చూపించవచ్చు.